డికెన్స్ నవల హార్డ్ టైమ్స్‌ని పుస్తకంలో చదవాలా, పత్రికలో చదవాలా? (పీహెచ్‌డీ టాపిక్ గురించి)

కోనసీమ_చదువరి:
నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఇంగ్లీషులో పీహెచ్‌డీ మొదలెట్టాను, విక్టోరియన్ నవల మీద, అంటే విక్టోరియా రాణి కాలం నాటి ఇంగ్లీషు నవల. డికెన్స్ తీసుకుంటానంటే మా గైడ్ గారు ఆయన మీద ఇప్పటికే బోలెడు రాసేశారమ్మా, నువ్వు కొత్తగా ఏం చూస్తావో చెప్పు అన్నారు. అదే ఆలోచిస్తూ సంక్రాంతికి అమ్మమ్మ ఇంటికెళ్తే అటక మీంచి ఓ కట్ట దింపించింది, వారపత్రికల్లోంచి చింపి దబ్బనంతో కుట్టుకున్న సీరియల్. కథ ఓ వైపు, వెనక తలనూనె ప్రకటన, వారఫలాలు, సగం తెగిన జోకు. మధ్యలో ఒక వారం లేదు, అప్పుడు వరదొచ్చి రేవులో పంటు ఆగిపోయి పత్రిక రాలేదంట, ఏం జరిగిందో తర్వాత పక్కూరావిడ చెప్తే తెలిసిందంట. డికెన్స్ పాఠకులు కూడా ఇలాగే చదివుంటారు కదా అనిపించి ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఇది థీసిస్ అవుతుందా? ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?

రాజమండ్రి_మాస్టారు:
ఎందుకవదమ్మా, నిక్షేపంలా అవుతుంది. డికెన్స్ నవలల్లో నెలనెలా విడతలుగా వచ్చినవి తర్వాత చూద్దువుగాని, ముందు వారం వారం వచ్చిన హార్డ్ టైమ్స్ పట్టుకో. డికెన్సే నడిపిన వారపత్రిక హౌస్‌హోల్డ్ వర్డ్స్‌లో 1854 ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 12 దాకా 20 వారాలు వచ్చింది. సంచిక 2 పెన్నీలు, బొమ్మల్లేవు, పేజీకి రెండు కాలమ్స్. ఏప్రిల్ 22 సంచిక తియ్యి. అందులో నవలతో పాటు హెన్రీ మార్లే రాసిన గ్రౌండ్ ఇన్ ది మిల్ అనే వ్యాసం ఉంటుంది, మిల్లు యంత్రాలకి కంచె కట్టక పనివాళ్ళ చేతులూ ప్రాణాలూ ఎలా పోతున్నాయో చెప్తాడు. కొన్నవాళ్ళు రెండూ ఒకే సాయంత్రం చదివారు కదా. పుస్తకంగా వేసేసరికి ఆ వ్యాసం పక్కనుంచి పోయింది, నవలలో ఉన్న కోపం సగం దాంతోనే పోయిందని నా గట్టి నమ్మకం.

కాకినాడ_పుస్తకాలు:
ఆ సంచికలన్నీ డికెన్స్ జర్నల్స్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైట్‌లో ఫ్రీగా ఉన్నాయండి, బకింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్ళది, పేజీలు అచ్చులో ఉన్నట్టే కనబడతాయి. వ్యాసాల కింద రాసినవాళ్ళ పేర్లుండవు, కంగారుపడకండి, పత్రిక ఆఫీసు పద్దుపుస్తకం దొరికితే ఆన్ లోర్లి దాన్ని బట్టి 1973లో పేర్లన్నీ అచ్చేశారు. డబ్బు లెక్క కూడా చూడండి. మూడు సంపుటాల నవల 31 షిల్లింగుల 6 పెన్నీలు, అంత పెట్టలేకే జనం చందా కట్టించుకుని పుస్తకాలిచ్చే మ్యూడీ లైబ్రరీకి ఏడాదికి 1 గినీ (21 షిల్లింగులు) కట్టి తెచ్చుకునేవారు. హార్డ్ టైమ్స్ వారవారం కొంటే మొత్తం 40 పెన్నీలు, షిల్లింగుకి 12 పెన్నీల లెక్కన 3 షిల్లింగుల 4 పెన్నీలే.

పాలకొల్లు_కుర్రోడు:
మన గోదావరి సంగతి వదిలేశారేంటండీ? కందుకూరి వారి నవల రాజశేఖర చరిత్రము 1878లో ఆయన పత్రిక వివేకవర్ధనిలో విడతలుగానే వచ్చింది, పుస్తకం 1880లో, ఇంగ్లీషులో ఫార్చ్యూన్స్ వీల్ అని లండన్‌లో 1887లో. విక్టోరియా రాజ్యంలోనే కదా ఇదంతా, అది కూడా కలిపితే థీసిస్ మనదవుద్ది.

రాజమండ్రి_మాస్టారు:
కలపొచ్చు బాబూ, కానీ ఒకటి జాగ్రత్త. కందుకూరి వారికి ప్రేరణ గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్, అది 1766 నాటిది, విక్టోరియా పుట్టింది 1819లో. కథ విక్టోరియన్ అంటే వైవాలో నిలదీస్తారు. విడతలుగా వెయ్యడం, పాఠకులు ఎదురుచూడ్డం, పోలిక అక్కడ పెట్టు. అది కూడా ఒక్క అధ్యాయమే, ముందు 20 వారాలు పూర్తిగా చదవమను.

కోనసీమ_చదువరి:
అందరికీ చాలా థ్యాంక్సండీ. రాత్రే ఏప్రిల్ 22 సంచిక తెరిచాను. ఆ వారం నవలలో అసలు మిల్లులో పనిచేసే మనిషే లేడు, మిల్లు యజమాని ఇల్లు చూసుకునే మిసెస్ స్పార్సిట్ గొడవ, లూయిసా వాళ్ళ మాటలు, అంతే. మరుసటి వారం, ఏప్రిల్ 29న, మగ్గం దగ్గర పనిచేసే స్టీఫెన్ బ్లాక్‌పూల్ మొదటిసారి వస్తాడు! అంటే నలిగిపోయిన చేతుల సంగతి చదివిన 7 రోజులకి అతన్ని చూస్తారన్నమాట. పుస్తకంలో మూడుసార్లు చదివాను, ఒక్కసారీ ఇది తట్టలేదు. రోజుకి ఒకటి కాదు, వారానికి ఒక్క సంచికే చదువుదామనుకుంటున్నాను, 20 వారాలు. అమ్మమ్మకి ఫోన్లో చెప్తే, అయితే నాకూ ప్రతి వారం కథ చెప్పు అంది.