అప్‌డేట్: వాలు స్థలంలో తోట, వానల తర్వాత

ఇంటి వెనక వాలుగా ఉన్న జిగురు మట్టి నేలలో వాన పడ్డప్పుడల్లా పైమట్టి కొట్టుకుపోతోంది, తోట ఎలా వేయాలి అని ఇంతకుముందు అడిగాను. గోడ కట్టే బదులు వాలుకు అడ్డంగా వట్టివేరు వరసలు వేయమని ఎక్కువమంది చెప్పారు. అదే చేశాను.

మూడు కర్రలతో ఇంగ్లీషు 'A' అక్షరంలాంటి చట్రం కట్టి, మధ్యలో రాయి కట్టిన దారం వేలాడదీసి, ఒకే మట్టంలో ఉన్న చోట్లు గుర్తుపెట్టాం. కంటికి సమంగా అనిపించిన గీత నిజానికి బాగా వంకర! ఆ గుర్తుల వెంట 10-15 సెం.మీ. ఎడంతో పిలకలు నాటాం. ఎడం ఎక్కువైతే నీళ్లు ఆ సందులోంచే దూసుకెళ్లి గండి కొడతాయి. వరసలో ఎండిపోయిన పిలకల చోట వెంటనే కొత్తవి పెట్టాం.

పెద్ద వానలకు టెన్షన్ పడ్డాను గానీ, వరసల పైపక్క మట్టి సన్నని గట్టులా పేరుకుంది. కిందికి వచ్చే నీళ్లు కూడా మునుపటంత ఎర్రగా లేవు.

తోటలో దానిమ్మ మొక్కల కోసం తవ్విన గుంతల్లో మాత్రం మెత్తటి ఎరువు మట్టి నింపమన్న సలహా పాటించలేదు. చుట్టూ జిగురు మట్టి ఉంటే ఆ గుంత తొట్టిలా మారి నీళ్లు నిలుస్తాయి, వేళ్లు కుళ్లుతాయి. తవ్విన మట్టినే తిరిగి వేసి, ఎరువు పైన పరిచి, ఎండుగడ్డి కప్పాను. మొక్కలు చిగురించాయి.

పైభాగంలో రాతి పలక ఉంది. అక్కడ ఇంకా ఏమీ వేయలేదు.