నష్టపోయినవాడికి ‘ఓటమి ఒక పాఠం’ అని చెప్పొచ్చా?

బావమరిది_బెంగళూరు:
మా బావ 2018లో బెంగళూరు మారతహళ్ళిలో ఒక బిల్డింగ్ లీజుకి తీసుకుని పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) పెట్టాడు. ఓనర్‌కి పది నెలల అద్దె అడ్వాన్సు, మంచాలు, పరుపులు, గీజర్లు, వంటింట్లో పెద్ద గ్రైండరు, అన్నీ అప్పు మీదే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడగానే కంపెనీలు ఇంటి నుంచే పని చేసుకోమన్నాయి, పిల్లలంతా ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని ఊళ్ళకి వెళ్ళిపోయారు. ఏడాది పైగా ఖాళీ గదులకి అద్దె కట్టి, సెకండ్ వేవ్‌లో చేతులెత్తేశాడు. ఇప్పుడు నెల్లూరు దగ్గర మా ఊళ్ళో కౌలుకి వరి వేస్తున్నాడు.

మొన్న ఒక పెళ్ళిలో మా పెదనాన్న కొడుకు, ఐటీలో బాగా సెటిలైనవాడు, “ఓటమి గెలుపుకి తొలిమెట్టు బావా, ఇదొక పాఠం అనుకో” అన్నాడు. బావ సగం తిన్న విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. అప్పట్నుంచి ఇంట్లో రెండు పార్టీలు. మంచిమాట చెప్తే అలగడమేంటని సగం మంది, ఆ మాట అక్కడ అనాల్సింది కాదని సగం మంది. మీరేమంటారు? ఏ పాఠమూ నేర్పని నష్టం ఉండకూడదా? ఉంటే, అది తగిలినవాడి బతుకు ఇక బాగున్నట్టా, లేనట్టా?

పీణ్య_పాతకాపు:
మీ అన్నయ్య అన్నదాంట్లో తప్పేముంది? మన బెంగళూరులోనే ఇస్రో ఉంది, చూసుకోండి. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడింది. 1980 జులై 18న మళ్ళీ ఎగిరి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. చంద్రయాన్-2 ల్యాండరు 2019 సెప్టెంబరు 7న కూలింది. ఏడుస్తూ కూర్చోలేదు కదా! ఏది ఎక్కడ చెడిపోవచ్చో రాసుకుని కాళ్ళు గట్టి చేశారు, ఇంధనం పెంచారు, దిగే చోటుని 500 మీటర్ల చదరం నుంచి 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకి పెంచారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగింది. ఓటమిని విప్పి చూసుకున్నవాడికే రెండో ఛాన్స్.

మడివాళ_పీజీ:
సార్, చంద్రయాన్-2 కూలిన నెల ఇస్రోలో ఎవరి జీతమైనా ఆగిందా?

1979 అన్నారు కాబట్టి ఆ కథ మిగతా సగం కూడా చెప్పుకుందాం. ఆ ప్రాజెక్టు డైరెక్టరు కలాం గారు. రాకెట్ సముద్రంలో పడిన రోజు విలేకరుల ముందు కూర్చుని బాధ్యత నెత్తిన వేసుకున్నది ఛైర్మన్ సతీష్ ధావన్ గారు. మరుసటి ఏడు గెలిచినప్పుడు మాత్రం మైకు కలాం గారి చేతికిచ్చారు. ఇది కలాం గారే చాలా చోట్ల చెప్పారు. దెబ్బకీ ఆయనకీ మధ్య ఒక పెద్దమనిషి నిలబడ్డాడు కాబట్టి ఆ ఓటమి పాఠమైంది. పీజీవాడికి ధావన్ ఎవరండీ? వడ్డీకిచ్చినవాడు నేరుగా గుమ్మంలోకే వస్తాడు.

అసలు పాఠం ఏమిటట? వైరస్ వస్తుందని ముందే కనుక్కోవాల్సిందనా? ఆ టైంలోనే నేనూ ఒక బ్రాంచి మూసేశాను. ఇనుప మంచాలు తూకానికి పోయాయి. పరుపులు ఎవరికీ అక్కర్లేదు, తీసుకెళ్ళినందుకు ఆటోవాడికి ఎదురు డబ్బులిచ్చాను. అందులో నేర్చుకున్నదేమీ లేదు, పోయిందంతే.

జయనగర్_నాలుగోబ్లాక్:
ఇదంతా భగవద్గీత రెండో అధ్యాయంలోనే తేలిపోయింది. సుఖదుఃఖాలు, లాభనష్టాలు, జయాపజయాలు సమానంగా చూడమన్నాడు. గ్రీకుల్లో స్టోయిక్కులనే తత్వవేత్తలదీ అదే దారి. ఎపిక్టెటస్ బానిసగా బతికినవాడు, కాలు కుంటి. మన చేతిలో ఉన్నదేదో లేనిదేదో విడదీసుకో, లేనిదాని కోసం ఏడవకు అన్నాడు. పీజీ బావగారి చేతిలో లేదు. పోతే పోయింది.

తిప్పసంద్ర_రీడర్:
పెద్దవారు, ఏమనుకోకండి. కృష్ణుడు ఆ మాట చెప్పింది యుద్ధానికి ముందు, దిగబోయేవాడికి. దెబ్బతిని కూర్చున్నవాడికి కాదు. యుద్ధం గెలిచిన ధర్మరాజే అడవికి పోతానని కూర్చుంటే శాంతిపర్వం మొత్తం ఓదార్చాల్సి వచ్చింది. గెలిచినవాడికే అంత అవసరమైతే మనమెంత!

నాకు అరిస్టాటిల్ నిజాయితీగా అనిపిస్తాడు. ముసలితనంలో కొడుకుల్నీ ట్రాయ్ నగరాన్నీ పోగొట్టుకున్న ప్రియామ్ రాజుని ఉదాహరణగా తీసుకుని, మంచివాడైనా సరే అంత కష్టం వచ్చినవాణ్ణి ధన్యుడు అనలేం అన్నాడు. అదృష్టం కూడా కొంత కావాలని ఒప్పుకున్నాడు. కానీ నీచమైన పని చెయ్యడు కాబట్టి అలాంటివాడు పూర్తిగా దౌర్భాగ్యుడూ కాడన్నాడు. నష్టం నష్టమే, మనిషి మాత్రం చెడిపోలేదు. మీ బావగారి విషయంలో నేను అడిగేది ఒక్కటే: మూసేటప్పుడు ఎవర్నైనా ముంచారా?

బావమరిది_బెంగళూరు:
లేదండీ. పిల్లల అడ్వాన్సులన్నీ తిరిగి ఇచ్చేశాడు, ఫోన్ ఎత్తనివాళ్ళకి కూడా వెతికి పట్టుకుని పంపాడు. తన అడ్వాన్సులో ఓనర్ పెయింటింగనీ రిపేర్లనీ కోసుకుని ఎంతో కొంత చేతిలో పెట్టాడు, అది వేరే సంగతి. వంటమాస్టరు జీతం బాకీ ఉంటే అక్క గాజులు అమ్మి ఇచ్చాడు.

తిప్పసంద్ర_రీడర్:
ఇంకేం. ఆయన ఓడిపోయారని నేననను.

కడప_కోడలు:
ఆగండాగండి. గాజులు ఎవరివి? హరిశ్చంద్రుడి సత్యం గురించి అందరూ చెప్తారు, అమ్ముడుపోయింది చంద్రమతి. బావగారి బతుకు మంచిదా కాదా అని ఇంతమంది మగవాళ్ళు తీర్పులిస్తున్నారు. అక్కగారిని ఒక్కరైనా అడిగారా?

పీణ్య_పాతకాపు:
టాపిక్ పక్కదారి పడుతోంది.

మడివాళ_పీజీ:
పక్కదారి ఎలా అవుతుంది సార్? నా బ్రాంచికి తాకట్టు పెట్టింది మా ఆవిడ పొలం కాగితాలు.

బావమరిది_బెంగళూరు:
కడప అక్కా, మీ మాట చదివి మా అక్కకి ఫోన్ చేశాను. “గాజులు తీసిచ్చింది నేనేరా, మీ బావ వద్దన్నాడు. దానికి కాదు నా బాధ. పీజీలో పొద్దున నాలుగింటికి లేచి ఇడ్లీ పిండి చూసుకున్నది నేను. ఇప్పుడేమో తనొక్కడే ఓడిపోయినట్టు మూల కూర్చుంటాడు. కౌలు లెక్కలు కూడా నాకు చూపించడు” అంది. పెళ్ళిలో అన్నయ్య అన్న మాట అడిగితే, “వాడికేం తెలుసు, అయినా వాడు పలకరించాడు, మిగతావాళ్ళు అది కూడా చెయ్యలేదు” అంది.

జయనగర్_నాలుగోబ్లాక్:
అమ్మాయి చెప్పింది బాగుంది. అయినా సమత్వం గురించి నేనన్న మాటకి ఇక్కడ ఎవరూ జవాబు చెప్పలేదు.

మడివాళ_పీజీ:
అది తర్వాత తేల్చుకుందాం సార్. తమ్ముడూ, నా మెస్‌లో వంటిల్లు, కొనుగోళ్ళు చూసుకునే మనిషి కావాలి. జీతం, ఉండటానికి గది. ఇన్‌బాక్స్‌లో నంబరు పెట్టాను. మీ బావకే ఇవ్వక్కర్లేదు, మీ అక్కకి ఇష్టమైతే ఆవిడనే మాట్లాడమను.