బేగల్ మీదకి బెల్లీ లాక్సా, నోవానా?

గోదారి_చేప: న్యూయార్క్‌లో బేగల్ (మధ్యలో చిల్లుండే యూదుల గుండ్రటి రొట్టె) తిన్నవాళ్లంతా దాని మీద లాక్స్, అంటే ఉప్పులో ఊరిన సాల్మన్ చేప తిన్నామంటారు. చాలాసార్లు పెట్టింది నోవా, అంటే పొగబెట్టిన సాల్మన్. పాత పద్ధతి బెల్లీ లాక్స్‌కి పొగ తగలదు. సాల్మన్ పొట్ట భాగాన్ని ఉప్పునీళ్లలో ఊరబెడతారు, అంతే. నా ఓటు దానికే. మీరేమంటారు?

జెర్సీ_కోడలు: నాకు నోవానే ఇష్టమండీ. బెల్లీ లాక్స్ ఒక్క ముక్క తింటే చాలు, నోరంతా ఉప్పు. నోవాని తక్కువ ఉప్పులో ఊరబెట్టి చల్లటి పొగ పట్టిస్తారు. వేడి సుమారు 30 డిగ్రీలు దాటనివ్వరు కాబట్టి చేప ఉడకదు, మెత్తగా జారుతుంది. చేప రుచి తెలియాలంటే ఉప్పు తగ్గాలి కదా!

గోదారి_చేప: అది ఉత్తిగా తినేది కాదండీ. పప్పుచారులో నంజుకునే ఎండుచేపని విడిగా తిని ఉప్పెక్కువ అంటామా? కింద మందపాటి బేగల్, పైన చప్పటి క్రీమ్ చీజ్. ఆ రెండింటికీ రుచి తెచ్చేది ఈ పల్చటి ముక్కే. యూదుల ఆహార నియమాల్లో మాంసం, పాలు కలపకూడదు, చేపకి ఆ అడ్డు లేదు. అందుకే ఈ జత కుదిరింది.

ఉత్తర_తీరం: మీ ఇద్దరి మధ్యలో మైల్డ్ క్యూర్, అంటే తక్కువ ఉప్పుతో ఊరబెట్టే పద్ధతి ఉంది. అలాస్కాలో, అమెరికా పడమటి తీరంలో కొలంబియా నది దగ్గర పెద్ద కింగ్ సాల్మన్‌లని రెండు పక్కలుగా కోసి, ఉప్పు అద్ది, సుమారు 800 పౌండ్ల చేప పట్టే పీపాల్లో పేర్చి ఉప్పునీళ్లు పోసేవారు. ఉప్పు తక్కువ కాబట్టి కోల్డ్ స్టోరేజీ తప్పదు. రైల్లో తూర్పుకి చేరాక మంచినీళ్లలో నానబెట్టి, ఉప్పు దింపి, అప్పుడు పొగ పట్టించేవారు. అంటే పొగబెట్టిన చేప కూడా మొదట పీపాలో ఊరిందే. ఉప్పునీళ్లొక జాతి, పొగొక జాతి అని విడదీయడం నాకు నచ్చదు.

జెర్సీ_కోడలు: మరి గ్రావ్‌లాక్స్? ఇంట్లో చేద్దామనుకుంటున్నా.

ఉత్తర_తీరం: అది స్కాండినేవియా పద్ధతి. నీళ్లు పోయరు, పొగ పెట్టరు. ఉప్పు, చక్కెర, డిల్ ఆకు దట్టించి, పైన బరువు పెట్టి రెండు మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచితే చేపే నీరు వదులుతుంది. అది పచ్చి చేపే, జాగ్రత్త. పురుగులు చావాలంటే ముందు మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు ఉంచాలి. లిస్టీరియా అనే బ్యాక్టీరియా మాత్రం ఫ్రీజర్‌లో చావదు. గర్భిణులు ఇవేవీ తినకపోవడమే మంచిది, నోవా అయినా సరే.

గోదారి_చేప: మైల్డ్ క్యూర్ సంగతి బాగా చెప్పారు. అయినా బేగల్ మీదకి నా ఓటు మారదు. జెర్సీ కోడలు గారూ, ఈసారి కౌంటర్ దగ్గర లాక్స్ అని ఊరుకోకుండా 'బెల్లీ లాక్స్' అని అడగండి. వెనక కాగితం కనిపించేంత పల్చగా కోయమనండి. రెండు ముక్కలు చాలు, మూడోది వేస్తే మీరన్నట్టు ఉప్పే.