దగ్గరి చెట్లు చుట్టాలే, ఎఫ్‌ఎస్‌టీ మాత్రం 0.02: జన్యు ప్రవాహం ఉన్నట్టా, లేనట్టా?

మోదుగ:
300 × 300 మీటర్ల ప్లాటులో ఉన్న పెద్ద చెట్లన్నిటినీ, అంటే 120 చెట్లను, 12 మైక్రోశాటిలైట్ లోకస్‌లతో (చెట్టుకూ చెట్టుకూ తేడా చూపే డీఎన్‌ఏ స్థానాలు) జీనోటైప్ చేశాం. కీటకాల ద్వారా పరాగసంపర్కం జరిగే జాతి. గింజ బరువైనది, చాలావరకు తల్లి చెట్టు కిందే రాలుతుంది. స్పాజెడి అనే సాఫ్ట్‌వేర్‌లో లోయిజెల్ బంధుత్వ గుణకం (ఒక్కో జంట చెట్లు ఎంత దగ్గరి చుట్టాలో చెప్పే సంఖ్య) తీశాం. జంటల మధ్య దూరాన్ని బట్టి తరగతులు 10 మీటర్లవి పెడితే మొదటి తరగతిలో 0.06, 25 మీటర్లవి పెడితే 0.027 వచ్చింది. దూరపు లాగరిథమ్ మీద వాలు −0.0125. దూరంతో గుణకం మారే గీత (కోరిలోగ్రామ్) 130 మీటర్ల దగ్గర సున్నాను దాటి రుణాత్మకంలోకి దిగుతోంది. రెండు కిలోమీటర్ల అవతల ఉన్న గుంపులతో పోలిస్తే మాత్రం ఎఫ్‌ఎస్‌టీ (గుంపుల మధ్య జన్యు తేడా కొలత, 0 అంటే తేడా లేదు) 0.02 దాటడం లేదు.

ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం కాదా? "జన్యు ప్రవాహం 130 మీటర్లకే పరిమితం" అని రాయొచ్చా? పైగా సాంద్రత ఇచ్చి సిగ్మా (తరానికి జన్యువులు ఎంత దూరం వెళ్తాయో చెప్పే కొలత) అంచనా వేయమంటే స్పాజెడి ఎంతకీ ఒక విలువ దగ్గర ఆగడం లేదు. ఎందుకు?

విత్తనరెక్క:
విరుద్ధం కాదండీ. గింజ తల్లి కిందే రాలితే తోబుట్టువులు పక్కపక్కనే పెరుగుతాయి, మీ కోరిలోగ్రామ్ మొదట్లో కనిపిస్తున్నది ఎక్కువగా అదే. ఆ తోబుట్టువుల తండ్రులు మాత్రం ఎక్కడెక్కడివో. గుంపుల మధ్య తేడాను చెరిపేసేది ఆ పుప్పొడే. తల్లి నుంచే సంక్రమించే క్లోరోప్లాస్ట్ డీఎన్‌ఏతో ఇవే గుంపులను చూడండి (పుష్పించే చెట్లలో చాలావాటికి ఇది తల్లిదే, పైన్ లాంటి శంఖుధారుల్లో తండ్రిది). అక్కడ ఎఫ్‌ఎస్‌టీ 0.6 అలా వచ్చిందనుకుందాం. అంతఃప్రజననం లేదనుకుంటే, ఎన్నోస్ సూత్రం (కేంద్రక, క్లోరోప్లాస్ట్ ఎఫ్‌ఎస్‌టీలను పోల్చేది) ప్రకారం పుప్పొడి వలస గింజ వలసకు సుమారు 71.5 రెట్లు అవుతుంది.

130 మీటర్ల మాట దయచేసి రాయకండి. లోయిజెల్ గుణకం మీ నమూనా సగటుతో పోల్చి చెప్పే కొలత. అన్ని జంటల సగటు దాదాపు సున్నా కావాలి కాబట్టి, దగ్గరివి ధనాత్మకమైతే దూరపువి రుణాత్మకం కాక తప్పదు. ప్లాటు 600 మీటర్లదైతే గీత ఇంకా దూరాన సున్నాను దాటేది. అది చెట్ల లక్షణం కాదు, మీ ప్లాటు కొలత. ఇతర జాతులతో పోల్చడానికి పనికొచ్చేది ఎస్‌పీ అనే సూచిక: వాలు గుర్తు మార్చి, (1 − మొదటి తరగతి గుణకం)తో భాగించాలి. మీకు 0.0125 / 0.973, అంటే దాదాపు 0.013. వెకెమాన్స్, హార్డీ 2004లో ఎన్నో మొక్కల ఫలితాలు పోగుచేసి చూసినప్పుడు పరపరాగసంపర్క జాతుల సగటు కూడా ఇంచుమించు ఇదే, స్వపరాగసంపర్క జాతులకు 0.14 వచ్చింది. మీ అడవిలో వింతేమీ లేదు.

జన్యురేఖ:
పై మాటలతో ఏకీభవిస్తూ, ముందు ఆ 0.06 సంగతి. 120 చెట్లకు 7,140 జంటలు. మీ ప్లాటులో 10 మీటర్లలోపు పడేవి అందులో 25 జంటలకు మించవు (చెట్లు గుంపులుగా లేకపోతే). తరగతికి కనీసం 100 జంటలు, సగానికి పైగా చెట్లు ఏదో ఒక జంటలో పాల్గొనడం ఉండాలి. 25 మీటర్ల తరగతిలో 150 దాకా వస్తాయి, అది చాలు. దట్టమైన పందిరి కింద జీపీఎస్ 5–10 మీటర్లు తప్పుతుంది కాబట్టి 10 మీటర్ల తరగతి ఆ రకంగానూ నిలవదు. దగ్గరి దూరాలు కావాలంటే టేపు, దిక్సూచితోనే కొలవాలి.

తర్వాత వేరు పిలకలు, అంటే ఒకే చెట్టు నకళ్లు. 12 లోకస్‌లూ ఒకేలా ఉన్న చెట్లుంటే ఒకదాన్నే ఉంచి మిగతావి తీసేయండి. ఒక్క అల్లీల్ (లోకస్‌లోని జన్యు రూపం) తేడా ఉన్న జంటలను తెరమీద పీకులు (జీనోటైప్ గ్రాఫులోని శిఖరాలు) చూసి మళ్లీ సరిచూడండి, చాలాసార్లు అది చదవడంలో దొర్లిన పొరపాటే. పట్టుమని పాతిక జంటలున్న తరగతిలో ఇలాంటివి రెండు మిగిలినా సగటు ఎగిరిపోతుంది.

ఇక సిగ్మా. 1/ఎస్‌పీ అంటే పరిసర సంఖ్య (ఒక చెట్టు పరిసరాల్లో తమలో తాము కలిసే చెట్ల సంఖ్య అనుకోండి) దాదాపు 78. ఇది 4 × పై × సాంద్రత × సిగ్మా వర్గానికి సమానం. మీ సాంద్రత చదరపు మీటరుకు 0.00133. ప్రభావశీల సాంద్రత (నిజంగా సంతానానికి జన్యువులిచ్చే చెట్లది) అందులో సగమైతే సిగ్మా 96 మీటర్లు, నాలుగో వంతైతే 136, పదో వంతైతే 216. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ పద్ధతిలో వాలును సిగ్మా నుంచి 20 సిగ్మాల దాకా ఉన్న జంటల్లోనే చూడాలి. మీ ప్లాటు మూల నుంచి మూలకు 424 మీటర్లే. 136 కన్నా దగ్గరివి తీసేస్తే మిగిలేది దాదాపు చదునైన గీత, అందులో వాలు గాలివాటం. ఆ వాలు నుంచే మళ్లీ సిగ్మా లెక్కిస్తుంది కాబట్టి ప్రతి ఆవృత్తిలో కొత్త సిగ్మా ఎటో దూకుతుంది, లెక్క ఎక్కడా ఆగదు. ప్లాటు బయట 1–2 కిలోమీటర్ల పొడవున సన్నటి పట్టీలుగా ఇంకొన్ని చెట్లు చేర్చడమే మందు.

ఇంకొకటి: సిగ్మా వర్గం = గింజ సిగ్మా వర్గం + పుప్పొడి సిగ్మా వర్గంలో సగం. గింజ 20, పుప్పొడి 180 మీటర్లు పెడితే మొత్తం 129 వస్తుంది. గింజ వాటా దాదాపు లేనట్టే, అయినా మొదటి తరగతి ఎత్తును తేల్చేది అదే.

మోదుగ:
ధన్యవాదాలు. ఎఫ్‌ఎస్‌టీ 0.02 నుంచి తరానికి 12 వలసలు అని తీయొచ్చు కదా, ఇప్పటి ప్రవాహానికి అది సరిపోతుందా? లేక పితృత్వ విశ్లేషణే (గింజల తండ్రి చెట్లను గుర్తించడం) చేయాలా?

విత్తనరెక్క:
ఆ 12 పాత కాలం లెక్క. చెట్ల తరం దశాబ్దాలది, నిన్నమొన్న అడవి ముక్కలైనా ఎఫ్‌ఎస్‌టీకి ఇంకా తెలియదు. పితృత్వమే చేయండి. ప్లాటు నడిమి నుంచి పది తల్లి చెట్లు, ఒక్కోదానికి 30 గింజలు, పందిరి నాలుగు వైపుల నుంచీ. అంచు చెట్లు వద్దు, వాటికి బయటి పుప్పొడి ఎక్కువగా వచ్చినట్టు కనిపిస్తుంది.

రెండు తప్పులు ఎదురెదురు దిశల్లో లాగుతాయి. తండ్రి కాని చెట్టును మార్కర్లు తోసిపుచ్చే సంభావ్యత 0.999 అయినా, 120 చెట్లలో కనీసం ఒకటి పొరపాటున సరిపోయే అవకాశం 11 శాతం. ఆ మేరకు బయటి పుప్పొడి తక్కువగా కనిపిస్తుంది. లోకస్‌కు 1 శాతం చదువు తప్పు ఉంటే, 12 లోకస్‌ల మీద నిజమైన తండ్రి దాదాపు 11 శాతం సార్లు ఎక్కడో ఒకచోట సరిపోడు, అప్పుడు బయటి పుప్పొడి ఎక్కువగా కనిపిస్తుంది. సెర్వస్ అనే పితృత్వ సాఫ్ట్‌వేర్‌లో తప్పు రేటు ఇచ్చి, ఒక్క లోకస్ తేడాను అనుమతించండి.

జన్యురేఖ:
అదే గింజలతో శూన్య అల్లీల్ (ఉన్నా జీనోటైప్‌లో కనిపించని అల్లీల్) పరీక్ష కూడా అయిపోతుంది. తల్లి 182/182, గింజ 190/190 (అల్లీల్ పొడవులు) అని వస్తే తల్లి నుంచి ఏమీ రానట్టే, అది కుదరదు. తల్లి నిజానికి 182/శూన్యం, శూన్యమే గింజకు వెళ్లింది. ఒకే లోకస్‌లో ఇలాంటివి నాలుగైదు కనబడితే ఆ లోకస్ తీసేసి కోరిలోగ్రామ్ కూడా మళ్లీ నడపండి.