పాంథర్ లేక్ వచ్చేదాకా ఆగాలా, ఇప్పుడే కొనేయాలా?

కృష్ణలంక (డిసెంబర్ 2025):
చెల్లి బీటెక్ రెండో ఏడు, సీఎస్ఈ. నాన్న ఆఫీసులో పాతదని పక్కన పడేస్తే ఆయన తెచ్చిన ఐ5 ఏడో జనరేషన్ ల్యాప్‌టాప్ వాడుతోంది. విండోస్ 10కి సపోర్ట్ అక్టోబర్ 14తో అయిపోయింది, 11 దీనికి రాదు. స్పేస్‌బార్ ఎడమ చివర నొక్కితేనే పడుతుంది. బడ్జెట్ 65 వేలు. జనవరిలో ఇంటెల్ కొత్త ప్రాసెసర్ పాంథర్ లేక్ దిగుతోందట, అందాకా ఆగమని ఫ్రెండ్ పోరు. ఏం చేయమంటారు?

పాతకీబోర్డు:
కళ్లు మూసుకుని ఆగండి. ఇంటెల్ తన కొత్త తయారీ పద్ధతి 18ఏలో చేస్తున్న మొదటి ల్యాప్‌టాప్ చిప్ ఇది. పేరు మార్చి వదిలే రకం కాదు. తొందరపడితే ఏమవుతుందో నన్నడగండి. 2020 వేసవిలో లక్ష పోసి ల్యాప్‌టాప్ కొన్నా. నవంబర్‌లో ఆపిల్ సొంత చిప్ ఎం1 వచ్చింది. ఆర్నెల్లు తిరక్కుండానే నాది పాత సామానైపోయింది. ఇప్పుడిది టైప్ చేస్తున్నదీ దాని మీదే.

జీఎస్టీబాధితుడు:
జీఎస్టీ తగ్గుతుందని నేనూ ఆగా. సెప్టెంబర్ 22న పెద్ద టీవీలకి 28 నుంచి 18కి దిగింది. ల్యాప్‌టాప్‌కి అంతకుముందూ 18, ఇప్పుడూ 18.

మిర్యాలగూడ మెకానిక్:
కృష్ణలంక తమ్ముడూ, పన్నెండేళ్లుగా ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తున్నా. ప్రాసెసర్ పాతబడిందని నా బల్ల మీదికి వచ్చింది ఒక్కటీ లేదు. హింజ్ విరిగి వస్తాయి, చాయ్ పడి వస్తాయి, బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ని పైకి తన్ని వస్తాయి. నిన్న ఒకటి విప్పితే ఫ్యాన్‌కి దుమ్ము దూదిలా చుట్టుకుని ఉంది, లోపల చచ్చిన చీమలు. ఓనరేమో స్లో అయింది, కొత్తది కొనాలా అని అడుగుతున్నాడు!
ఆగితే కొత్త చిప్ వస్తది, సరే. ర్యామ్ ధర చూసినవా? ఏఐ డేటా సెంటర్లు మెమరీ అంతా లాగేసుకుంటున్నాయి. మొన్ననే మైక్రాన్ కంపెనీ, క్రూషియల్ పేరుతో మనలాంటోళ్లకి ర్యామ్ అమ్మే వ్యాపారమే మూసేస్తామని చెప్పింది. ఇప్పుడే కొను.

పాతకీబోర్డు:
ర్యామ్ గురించి ఎవరడిగారు? ప్రశ్న ప్రాసెసర్ గురించి. 18ఏ అంటే ఏంటో తెలుసా మీకు?

మిర్యాలగూడ మెకానిక్:
తెలియకపోతే ఏం పోయింది? కొత్త చిప్ ముందు ఖరీదైన మోడళ్లలో పెడతారు. 65 వేలకి దిగొచ్చేసరికి ఆ అమ్మాయి మూడో ఏడాదికి వస్తది.

కృష్ణలంక:
షాపాయన చూపించింది ఏఎండీ వాళ్ల ప్రాసెసర్, రైజెన్ 5 7520యూ. 7తో మొదలైంది కాబట్టి కొత్తదే కదా?

మిర్యాలగూడ మెకానిక్:
కాదు తమ్ముడూ. ఆ 7 చిప్‌కి ఇచ్చిన ఏడాది గుర్తు. లోపలి సంగతి చెప్పేది మూడో అంకె. నీదాంట్లో 2 ఉంది, అంటే జెన్ 2 అనే డిజైన్. ఆ డిజైన్ 2019ది. కోర్లు నాలుగే. పైగా దాని ర్యామ్ బోర్డుకి అతికించి వస్తది, తర్వాత పెంచుకోలేవు. 7530యూ అయితే జెన్ 3, ఆరు కోర్లు. పేరులో తేడా ఒక్క అంకే.

పాతకీబోర్డు:
చూశారా, పాత డిజైన్లే అంటగడుతున్నారు. అందుకే ఆగమంటున్నా!

మిర్యాలగూడ మెకానిక్:
ఆ మోడల్ వద్దన్నా, కొనడమే వద్దనలేదు. ఇంటెల్‌దే ఇంతకుముందు చిప్ లూనార్ లేక్ కూడా ఇట్లనే కొత్తదని ఊదరగొట్టారు. ర్యామ్ చిప్ ప్యాకేజీలోనే పెట్టారు. 16 జీబీ కొంటే చచ్చేదాకా 16.

పాతకీబోర్డు:
పాంథర్ లేక్‌లో ర్యామ్ మళ్లీ బయటికి తెచ్చారు, చదువుకోండి. మీ రిపేర్లవాళ్లకి షాపుల నుంచి కమీషన్ ముడుతుంది. మిగిలిపోయిన స్టాకు వదిలించుకోవాలిగా మరి.

మిర్యాలగూడ మెకానిక్:
నోరు అదుపులో పెట్టుకో. కమీషన్ తీసుకుంటే ఇంకా అద్దె షాపులో ఎందుకుంటా? ఆగడానికి నీ చేతిలో నడిచే మిషన్ ఉంది. పరీక్షల టైంలో ఆ పాత డబ్బా ఆగిపోతే నువ్వొస్తవా?

ఖాళీకుర్చీ:
ఇద్దరూ కాస్త చల్లబడండి. ఆ అమ్మాయి డిగ్రీ అయిపోయేలా ఉంది.

పాతకీబోర్డు:
కమీషన్ మాట తప్పే, వెనక్కి తీసుకుంటున్నా. కానీ నా మాటా వినండి. ఆ లక్ష మా నాన్న చీటీ పాడి ఇచ్చారు. ఎం1 వచ్చిన వారం ఆయనకి చెప్పలేకపోయా. అయిదేళ్లయింది, ఇంకోటి అడగడానికి నోరు రాలేదు. మూడేళ్లకోసారి మార్చేవాళ్లు ఎప్పుడు కొన్నా ఒకటే. మా ఇళ్లల్లో కొనేది ఒక్కసారి. ఆ ఒక్కసారి తప్పు చేయొద్దనే చెప్తున్నా.

మిర్యాలగూడ మెకానిక్:
ఆ ముక్క మొదలే చెప్పాల్సింది కదా అన్నా. నా దగ్గరికొచ్చేవాళ్లూ అట్లాంటోళ్లే. అందుకే ర్యామ్ స్లాట్ ఉన్నది కొనమంటున్నా. ఇప్పుడు 8తో సరిపెట్టుకున్నా, రేపు ధర దిగినంక ఇంకో ముక్క గుచ్చుకోవచ్చు. చిప్ అట్లా మార్చుకోలేం.

పాతకీబోర్డు:
మార్చుకోలేం కాబట్టే చిప్ మంచిది కావాలంటున్నా!

కృష్ణలంక:
ఇప్పుడే షాపు నుంచి వస్తున్నా. స్లాట్ ఉన్న 7530యూ ఉందిగానీ, సోమవారం 58 వేలు చెప్పింది ఇవాళ 61,500 అంటున్నాడు. రెండే మిగిలాయట.

పాతకీబోర్డు:
రెండే మిగిలాయన్నది ప్రతి షాపువాడూ అనే మాటే. ఆగండి.

మిర్యాలగూడ మెకానిక్:
కొనేముందు వెనక స్టిక్కర్ ఫొటో పెట్టు తమ్ముడూ, మోడల్ నంబరు చూసి చెప్తా.