నీమన్ మార్కస్ 250 డాలర్ల కుకీ: ఎవరైనా చేశారా?

ఓట్స్‌ప్రియ: అమెరికాలోని డాలస్‌లో, నీమన్ మార్కస్ అనే ఖరీదైన డిపార్ట్‌మెంట్ స్టోర్ కెఫేలో ఒకావిడ కుకీ తిని, రెసిపీ కావాలని అడిగిందట. ‘టూ ఫిఫ్టీ’ అంటే రెండున్నర డాలర్లే కదా అని కార్డు ఇచ్చేసింది. తీరా బిల్లులో 250 డాలర్లు! ఆ కోపంతో రెసిపీని అందరికీ పంచిపెట్టిందని 1990ల్లో ఈమెయిల్ తెగ తిరిగింది. ఆ కొలతలతో చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

పిండివంట: నేను చేస్తుంటాను, చాలా బాగుంటాయి. మెయిల్‌లో ఉన్నది 112 కుకీల కొలత. ఓట్స్ 5 కప్పులు, మైదా 4, వెన్న 2, పంచదార 2, బ్రౌన్ షుగర్ 2, గుడ్లు 4, ఇంకా చాక్లెట్ చిప్స్, తురిమిన చాక్లెట్, నట్స్. ఇంట్లో అంత ముద్ద కలపలేం, పావు వంతు చాలు. అసలు కీలకం ఓట్స్‌ను మిక్సీలో మెత్తగా పొడి చేయడమే. ముందు కొలిచి, తర్వాత పొడి కొట్టండి. పొడిని కొలిస్తే ఎక్కువ పడి కుకీ బిరుసెక్కుతుంది.

పాతకథలు: రుచి సరే, ఆ కథ మాత్రం అబద్ధం. అది పుట్టేనాటికి ఆ స్టోర్‌లో అలాంటి కుకీయే లేదు. 1980ల్లో ఇదే నింద మిసెస్ ఫీల్డ్స్ అనే కుకీల కంపెనీ మీద పడితే, వాళ్లు తమ షాపుల్లో ఖండిస్తూ నోటీసులు పెట్టాల్సి వచ్చింది. అంతకుముందు న్యూయార్క్ వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్ రెడ్ వెల్వెట్ కేక్ గురించీ ఇలాగే చెప్పుకున్నారు. చేయని తప్పుకి ఇన్నేళ్లు మాట పడటం నాకైతే అన్యాయం అనిపిస్తుంది. రెసిపీ పంపేవాళ్లు దయచేసి ఆ కథ తీసేసి పంపండి.

కాఫీపొడి: తర్వాత నీమన్ మార్కస్ వాళ్లే ఒక కుకీ తయారుచేసి, రెసిపీని ఉచితంగా ఇచ్చారు. అందులో ఓట్స్ ఉండవు, ఒకటిన్నర టీస్పూన్ ఇన్‌స్టంట్ ఎస్ప్రెస్సో (గాఢమైన కాఫీ) పొడి పడుతుంది. 300 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో, అంటే సుమారు 150 సెల్సియస్‌లో, 20 నిమిషాలు. మెయిల్‌లోని ఓట్స్ కుకీకి 375 డిగ్రీల ఫారెన్‌హీట్, 10 నిమిషాలే. రెండూ వేరువేరు కుకీలు. చాక్లెట్ రుచి గాఢంగా కావాలంటే నా ఓటు ఈ స్టోర్ వాళ్ల కుకీకే.

కొత్తఅవెన్: ఓట్స్‌వి చేస్తే ట్రేలో పలచగా పరుచుకుపోయి ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. ఏం చేయాలి?

పిండివంట: వెన్న కరిగిపోయి ఉంటుందండీ. మెత్తగా ఉండాలి గానీ నూనెలా కారకూడదు. ముద్దను అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, ఉండల మధ్య రెండంగుళాలు వదలండి. మిగిలిన ఉండల్ని ఫ్రీజర్‌లో దాచుకుని, కావాల్సినప్పుడు నేరుగా అవెన్‌లో పెట్టేయొచ్చు, రెండు నిమిషాలు ఎక్కువ ఉంచితే చాలు.