పెద్దలు చెప్పిన ఏడాది తప్పయితే పిల్లలు దిద్దాలా?

సోషల్ టీచర్:
మా తొమ్మిదో తరగతి పిల్లలు రిటైరైన కార్మికుల జ్ఞాపకాలు రికార్డ్ చేసి, స్కూల్లో ప్రదర్శన పెడుతున్నారు. ఒక పెద్దాయన సమ్మె జరిగిందని చెప్పిన ఏడాదికీ, అప్పటి పత్రికల్లో ఉన్నదానికీ నాలుగేళ్ల తేడా ఉంది. దిద్దేసి రాయించాలని నా ఉద్దేశం. ఏమంటారు?

పాత పాఠకుడు:
దిద్దాల్సిందే మేడమ్. అచ్చులో కనిపించిందల్లా పిల్లలు నిజమనుకుంటారు.

మౌఖిక చరిత్ర అభిమాని:
దయచేసి దిద్దకండి. ఇటలీలోని టెర్నీలో లుయీజీ ట్రస్తుల్లి అనే ఉక్కు కార్మికుడు 1949లో, నాటో వ్యతిరేక నిరసనలో పోలీసుల చేతిలో చనిపోయాడు. కానీ చాలామంది కార్మికులు అది 1953లో, ఉద్యోగాల తొలగింపు మీద జరిగిన గొడవల్లో జరిగిందని చెప్పారు. వాళ్ల జ్ఞాపకాలు రికార్డ్ చేసిన ఇటలీ చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్టెల్లి ఆ తేడాను మతిమరుపని కొట్టిపారేయలేదు. తోటివాడు చనిపోయినా ఏమీ చేయలేకపోయామన్న బాధ వాళ్లను వదల్లేదు. అందుకే వాళ్ల జ్ఞాపకంలో ఆ చావు, వాళ్లు గట్టిగా తిరగబడ్డ 1953కి మారిపోయిందని ఆయన వివరించాడు. ఎవరైనా ముందే తేదీ దిద్ది ఉంటే ఈ సంగతి బయటపడేదా? రికార్డింగును, రాతప్రతిని ముట్టుకోకండి. పత్రికలో ఉన్న ఏడాదిని పక్కన వేరే చీటీలో రాయించండి.

సోషల్ టీచర్:
అది పరిశోధకుల స్థాయి మాట. పద్నాలుగేళ్ల పిల్లలకు అందుతుందా? పైగా మనవల ముందు ఆ చీటీ చూసి ఆయన చిన్నబుచ్చుకుంటే?

మౌఖిక చరిత్ర అభిమాని:
అందుకే ప్రదర్శనకు ముందే మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లాలి. "మీరు తప్పు చెప్పారు" అనకుండా, "పేపర్లో ఇలా ఉందండీ, మీకు ఆ ఏడాదే ఎందుకు గుర్తుండిపోయింది?" అని పిల్లల్నే అడగనివ్వండి. ఆ జవాబునూ రికార్డ్ చేయండి. రాతప్రతి ఆయనకు చదివి వినిపించండి, వద్దన్న భాగం తీసేయండి. అనుమతి పత్రం మీద సంతకం పెట్టించుకున్నాం కదా అని ఈ పని వదిలేసే స్కూళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

పాత పాఠకుడు:
ఏడాది వరకు ఒప్పుకుంటాను. ఎవరి మీదైనా నింద వేస్తే? పక్కన చీటీ పెడితే సరిపోదు, ఆధారం దొరికేదాకా ప్రదర్శనలో ఉంచకూడదు.

మౌఖిక చరిత్ర అభిమాని:
నిజమే. అలాంటిది పెద్దవాళ్లు ముందుగా విని నిర్ణయించాలి, పిల్లల మీద వదలకూడదు.

సోషల్ టీచర్:
వచ్చే వారం పేపర్ కాపీతో ఇద్దరు పిల్లల్ని తీసుకుని వెళ్తాను. ఆయన మాట అలాగే ఉంచుతాం. చీటీలో పత్రిక ఏడాది మాత్రం పెద్ద అక్షరాల్లోనే రాయిస్తాను, ఆ విషయంలో నా మనసు మారలేదు.